ఏ బీరువా?

వార్సా,
9 ఫిబ్రవరి 1964

బ్రోంకా అక్కకు,

నీ పార్సెల్ నిన్న అందింది. ప్లమ్ జామ్ సీసా దారిలో పగిలి, నువ్వు అల్లిన మేజోళ్ళు నాలుగు జతలూ జామ్‌లో మునిగి తేలాయి. ఉతికాను. నువ్వు చూస్తే మళ్ళీ ఉతుకుతావు, అది వేరే సంగతి. శానటోరియం దుప్పట్లన్నీ నీ చేతిమీదుగా ఉతికించే మనిషివి, నా ఉతుకుడు నీకేం ఆనుతుంది?

ఇక నా కబురు. "మా తమ్ముడు రేడియోలో పనిచేస్తాడు" అని అక్కడ అందరికీ చెప్పుకుంటావుగా, ఇప్పుడు "టీవీకి కూడా" అని కలుపుకో. జర్మన్ల మీద మన ఊరు తిరగబడి ఈ ఆగస్టుకి ఇరవై ఏళ్ళు. టీవీ వాళ్ళు గంటసేపు డాక్యుమెంటరీ తీస్తున్నారు. ఆ అరవై మూడు రోజుల్లో మనవాళ్ళు తీసిన ఫిల్ము ముక్కలు ఉన్నాయి. బొమ్మ ఉంది, చప్పుడు లేదు. ఇళ్ళు కూలుతుంటాయి, మనుషుల నోళ్ళు కదులుతుంటాయి, ఒక్క శబ్దం వినబడదు. సంగీతమూ, ఆ చప్పుళ్ళూ మా స్టూడియో చేసిపెట్టాలి. మా దగ్గర వయొలిన్లూ డప్పులూ ఉండవని నీకు తెలుసు. మీట తిప్పితే ఒకే స్వరం పలికే పెట్టెలు, టేపు రికార్డర్లు, కత్తెర. వీటితోనే నేను యుద్ధం చేయాలి. పని మొత్తం నా ఒక్కడి మీద పెట్టారక్కా. సరిగ్గా చేస్తే నా పేరు విడిగా వేస్తారట.

విమానాలు చేశాను. కూలే గోడలు చేశాను. ఒక్క దగ్గర ఆగిపోయాను. జర్మన్లు ఆరు గొట్టాలతో రాకెట్లు వదిలేవాళ్ళు చూడు, దాని దగ్గర. దాన్ని జనం "ఆవు" అనేవాళ్ళని మా దర్శకుడు హిపోలిత్ గారు అంటారు. "ఆవు అరిచినట్టు చెయ్యవయ్యా, అందరికీ తెలిసిందేగా" అని ఆయన పట్టు. ఆవు అరుపు చేయడం నాకు పది నిమిషాల పని. కానీ నిజంగా అలాగే ఉండేదా? అప్పుడు నీకు పదిహేనేళ్ళు, నాకు ఆరు. పొట్టు ఉమ్ముకుంటూ తాగిన ఆ బార్లీ సూపు తప్ప నాకేమీ గుర్తులేదు. అమ్మ నీళ్ళ లైన్లో నిలబడి ఉండగా పోయిందన్నది కూడా నువ్వు చెప్పిందే. నీకు గుర్తున్నది రాసి పంపు. ఎంత చిన్నదైనా పరవాలేదు.

అన్నట్టు నీ మేనేజరు నీకు కొత్త గది ఇచ్చాడట. ఈసారైనా ఒక బీరువా కొనుక్కుంటావా, లేక ఎప్పటిలాగే గోడకి మేకులు కొట్టి బట్టలు వేలాడదీస్తావా? ముప్ఫై అయిదేళ్ళ మనిషివి, ఇంకా రైల్వే స్టేషన్లో బతుకుతున్నట్టు ట్రంకు పెట్టె ఏమిటక్కా?

నీ జెనెక్


యెలేనియా గూరా,
20 ఫిబ్రవరి

జెనెక్,

ఉన్ని మేజోళ్ళు వేడినీళ్ళలో పెట్టావా? పెట్టే ఉంటావు. ఇప్పుడవి పిల్లి పిల్లలకి సరిపోతాయి.

నీకు పని దొరికినందుకు సంతోషం. ఇక్కడ మంచు మోకాళ్ళ దాకా ఉంది. బాయిలరు రెండుసార్లు ఆగింది. నూట నలభై దుప్పట్లు చేత్తో పిండించాను. నా వేళ్ళు చూస్తే నువ్వు గుర్తుపట్టవు.

నువ్వు అడిగినదానికి జవాబు: ఆవే. ఆవు అరిచినట్టే ఉండేది. మీ దర్శకుడు పెద్దవాడు, ఆయన చెప్పినట్టు చెయ్యి. ఇంకేమీ గుర్తులేదు. ఎవరికి మాత్రం గుర్తుంటుంది? అందరం పరుగులు పెడుతూ ఉన్నాం.

మేకులు బాగానే ఉన్నాయి. బట్టలకి గాలి తగులుతుంది.

వేళకి తిను.

బ్రోంకా


వార్సా,
22 మార్చి

అక్కా,

నీ ఉత్తరం పోస్టుకార్డు మీద రాసినా ఇంకా చోటు మిగిలేది. "ఆవే" అంటావు, అయిపోయిందంటావు. నెల రోజులు నీ మాట పట్టుకుని ఆవుని తయారు చేశాను. రెండు స్వరాలు కలిపి, కిందికి జార్చి, మా మెట్ల దారిలో స్పీకరు పెట్టి ఆ ప్రతిధ్వని పట్టుకుని, ఆరు అరుపులు వరసగా అతికించాను. హిపోలిత్ గారు విని నా భుజం తట్టారు.

సరిగ్గా అప్పుడే మా స్టూడియో ఊడ్చే కునెగుండా గారు బకెట్టుతో లోపలికొచ్చింది. అరవై దాటిన మనిషి, ఎవరికీ భయపడదు. చీపురు మీద గడ్డం ఆనించి విని, "ఇదేంటి బాబూ, పశువుల సంతా?" అంది. నేను చెప్పాను. నవ్వింది. "ఓహో, నువ్వు పొవిష్లె పిల్లాడివా? నది ఒడ్డువాళ్ళు ఆవనేవాళ్ళు. మా హోజా వీధిలో ఎవరూ ఆవనలేదు నాయనా. బీరువా అనేవాళ్ళం. పాతకాలం చెక్క బీరువాని చెక్క నేల మీద ఈడిస్తే ఎలా కిర్రుమంటుందో అలా. ఆరుసార్లు కిర్రుమనేది. ఆ తర్వాత, రాకెట్లు వచ్చి పడేదాకా, ఏమీ వినబడేది కాదు. ఆ ఏమీలేనప్పుడే పరిగెత్తాలి. 'బీరువా!' అని ఎవరైనా అరిచారంటే అందరం సెల్లారులోకి."

అక్కా, చివరికి మనం ఉన్నది హోజా వీధిలోనే కదా! పొవిష్లె కాలిపోయాక అమ్మ మనిద్దర్నీ తీసుకుని అక్కడికే కదా పారిపోయింది! మరి నువ్వు ఆవంటావేమిటి? బీరువా అన్న మాట నీ చెవిన పడనే లేదా?

ఊరుకుంటానా? నది అవతల ప్రాగా పేటలో సంతకి వెళ్ళి పాత ఓక్ బీరువా ఒకటి కొన్నాను. అద్దం లేదు, ఒక తలుపు వేలాడుతోంది. నలుగురం కలిసి స్టూడియోకి మోశాం. కునెగుండా గారు ముందు నడుస్తూ దారిన పోయేవాళ్ళని తిట్టి పక్కకు తప్పించింది. చెక్క నేల మీద ఆరుసార్లు ఈడ్చి రికార్డు చేశాం. ఆ టేపుని సగం వేగంతో తిప్పాను. ఇంకొకసారి సగం చేశాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నానక్కా. వాటిని పీకి పడేసి, పరిగెత్తి కిటికీ తెరిచాను. అది నేను విన్న చప్పుడే. నాకు ఆరేళ్ళప్పుడు విన్నదే. ఇన్నాళ్ళూ నాలో ఏమీ లేదనుకున్నాను, ఉంది.

అమ్మ పోయిన రోజు ఏం జరిగిందో ఇంకొక్కసారి చెప్పవూ?

జెనెక్


యెలేనియా గూరా,
2 ఏప్రిల్

జెనెక్,

ఈస్టరుకి నువ్వు వస్తావని సాసేజీలు దాచాను. రాలేదు. బీరువాలు ఈడ్చుకోవడానికి తీరికుంటుంది నీకు.

ఆ చెత్త సామాను పగలగొట్టి పొయ్యిలో వేసెయ్. వెంటనే. అందరూ మర్చిపోవాలని ఇరవై ఏళ్ళుగా నానా తంటాలూ పడుతుంటే, దాన్ని టేపు మీదకి ఎక్కించి దేశమంతా వినిపిస్తావా? ఎవరికి కావాలి అది? చప్పుడు విన్నవాడికి అక్కర్లేదు, విననివాడికి అర్థం కాదు. నీ పేరు తెర మీద పడటం కోసం ఇదంతానా?

పదహారేళ్ళ పిల్లనై ఉండి నిన్ను ఈ కొండల్లోకి తెచ్చాను. నీ ముక్కు తుడిచాను, నీ పేలు చూశాను, నా తిండి నీకు పెట్టాను. నువ్వు చదువుకుని మళ్ళీ ఆ ఊరే వెళ్తానంటే నోరెత్తలేదు. ఇప్పుడు నువ్వు పోలీసువాడిలా "ఇంకొక్కసారి చెప్పు" అంటున్నావు. అమ్మ నీళ్ళ లైన్లో పోయింది. రెండు వీధుల అవతల, బావి దగ్గర. ఎన్నిసార్లు చెప్పాలి? నాకు గుర్తులేదనుకుంటున్నావా? ఆ రోజు అమ్మ కాళ్ళకున్న ఆకుపచ్చ గుడ్డ చెప్పుల్లో ఒకటి ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. ఇంతకంటే ఏం కావాలి నీకు?

కోపంలో రాశాను. కానీ చింపను.

బ్రోంకా


వార్సా,
14 ఏప్రిల్

అక్కా,

తిట్టు. నువ్వు తిడితే నాకు అన్నం సహిస్తుంది. ఈస్టరుకి రాకపోవడం నా తప్పే. క్షమించు.

కానీ నీ ఉత్తరం పదిసార్లు చదివాను. గుడ్డ చెప్పులన్నావు. ఆ సెప్టెంబరులో ఆ వీధులెలా ఉన్నాయో రోజూ తెర మీద చూస్తున్నాను నేను. ఇటుక ముక్కలు, గాజు పెంకులు, వంగిపోయిన ట్రాము పట్టాలు. రెండు వీధుల అవతలికి నీళ్ళకి వెళ్ళే మనిషి ఇంట్లో తొడుక్కునే చెప్పులతో వెళ్తుందా? అమ్మ బూట్లు అమ్మకి ఉన్నాయి. తర్వాత ఏడాదంతా అవి నువ్వే తొడుక్కున్నావు. ఎర్ర లేసులు కట్టుకుని.

అమ్మ ఇల్లు దాటలేదు కదూ?

ఇంకొకటి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. టేపు మళ్ళీ విన్నాను. ఈసారి కిటికీ దగ్గరికి పరిగెత్తలేదు, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఆరు కిర్రులూ అయిపోయాక వచ్చే ఆ నిశ్శబ్దంలో నాకు అమ్మ గొంతు వినబడింది. టేపులో లేదక్కా, నాకు పిచ్చి పట్టలేదు, నాలో వినబడింది. అమ్మ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదని ఎప్పుడూ బాధపడేవాణ్ణి. తెలుసు. కాస్త బొంగురు. నవ్వుతున్నట్టు ఉంది. రెండే మాటలు.

"ఏ బీరువా?"

అంతే. అమ్మ ఎవర్ని అడిగింది? ఎందుకడిగింది? నీకు తెలుసు. తెలియకపోతే ఒక బీరువా పేరెత్తగానే ఇలా మండిపడవు. తెలియకపోతే ఇరవై ఏళ్ళుగా గోడకి మేకులు కొట్టుకుని బతకవు. ఈ మాట ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు చూడు, నేనెంత మొద్దునో.

జెనెక్


యెలేనియా గూరా,
10 మే

జెనెక్,

నువ్వు అడిగావు, నేను రాస్తున్నాను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను. అందుకని అక్షరాలు ఎలా ఉన్నా చదువుకో.

మనం హోజా వీధికి వచ్చి మూడో రోజు. మూడో అంతస్తులో ఎవరో మనకి వంటగది పక్కన ఒక మూల ఇచ్చారు. వాళ్ళ సూపే మనకీ పోసేవాళ్ళు. అమ్మకి అది చచ్చేంత సిగ్గు. "ఊరికే తింటున్నాం, ఊరికే తింటున్నాం" అని గొణుక్కునేది. ఎవరు పిలిచినా పరిగెత్తేది, ఇసుక బస్తాలకీ, కట్లు కట్టడానికీ. వీధి చివర ట్యాంకులకి అడ్డుగోడ కట్టడానికి ఇంటింటి నుంచీ సామాన్లు పట్టుకెళ్ళేవాళ్ళు. పొవిష్లెలో మన బీరువా కూడా అలాగే పోయింది, అమ్మ కోట్లతో సహా. నువ్వు దాని సొరుగు ఒకటి నెత్తిన పెట్టుకుని మోశావు. ఇక్కడ కింద మెట్ల దగ్గర కూడా పెద్ద బీరువా ఒకటి పెట్టి ఉంచారు, మోసుకెళ్ళడానికి మనుషులు చాలక.

ఆ మధ్యాహ్నం, కిర్రు మొదలవకముందే, కాపలావాళ్ళు సైగ చేశారేమో, వాకిట్లో ఎవరో గట్టిగా అరిచారు. "బీరువా! బీరువా!" అని. మనం నది ఒడ్డువాళ్ళం. మనకది ఆవు. బీరువా అంటే మనకి బీరువానే.

"అమ్మా, బీరువా మోయడానికి పిలుస్తున్నారు" అని నేనన్నాను. నేనే అన్నాను జెనెక్. నువ్వు నిద్రపోతున్నావు. అమ్మ "ఏ బీరువా?" అంది, చెయ్యి తుడుచుకుని కిందికి వెళ్ళింది, గుడ్డ చెప్పులతోనే. ఇంటిల్లిపాదీ సెల్లారులోకి పరుగెడుతున్నారట, అమ్మ ఒక్కతే ఎదురు వెళ్ళిందట. వాకిలి మధ్యలో నిలబడి వచ్చిన ప్రతివాణ్ణీ అడిగిందట, ఏ బీరువా, ఎక్కడ పట్టుకోవాలి అని. ఒక ముసలాయన చెయ్యి పట్టి లాగాడు, విడిపించుకుందట. ఆయనే తర్వాత చెప్పాడు. ఆయన ఏడుస్తుంటే నేను ఏడవలేదు.

అదీ జరిగింది. నీకు నీళ్ళ లైను అని చెప్పాను. నీళ్ళ లైన్లో చాలామంది తల్లులు పోయారు, ఇంకొక తల్లి కలిస్తే ఎవరడుగుతారు? అమ్మని చంపింది నా నోటి మాట అని నీతో ఎలా చెప్పను? నిన్ను పెంచాల్సిన దాన్ని.

ఇంక అడక్కు.

బ్రోంకా


వార్సా,
18 మే

నా తల్లీ,

నీ ఉత్తరం స్టూడియోలోనే చదివాను. కునెగుండా గారు నన్ను చూసి, టీ తెచ్చి పక్కన పెట్టి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

నిన్ను ఎవరైనా తప్పుపడితే నేను ఊరుకోను, అది నువ్వే అయినా సరే. ఒక్క మాటకి రెండు అర్థాలుంటే పదిహేనేళ్ళ పిల్లదా తప్పు? ఇంత బరువు ఇరవై ఏళ్ళు ఒక్కదానివే మోశావు, పైగా నా ముక్కు తుడుస్తూ. నేనేమో నీ మేకుల మీద జోకులు వేశాను. నన్ను చెప్పుతో కొట్టాలి.

కానీ అక్కా, నువ్వు అబద్ధం చెప్తున్నావు.

నేను నిద్రపోతుంటే అమ్మ గొంతు నాలోకి ఎలా వచ్చింది? పోనీ గొంతు వినబడింది అనుకుందాం. ఇప్పుడు నాకు ముఖం కూడా కనబడుతోంది. నీ ఉత్తరం చదివాక అది ఆపినా ఆగడం లేదు. అమ్మ వంగింది. ముఖం నా ముఖానికి ఇంత దగ్గరగా ఉంది. పళ్ళ మధ్య దారం ముక్క ఉంది, ఏదో కుడుతోంది అప్పటిదాకా. బట్టల సబ్బు వాసన. చేత్తో నా కాలరు సర్దింది. "ఏ బీరువా?" అంది.

అప్పటికే నువ్వు అమ్మకంటే పొడుగు. అమ్మతో నువ్వు దిగిన ఆ ఏటి ఫోటోలో చూశాను. నీతో మాట్లాడటానికి అమ్మ వంగక్కర్లేదు. వంగింది నా కోసం. అడిగింది నన్ను.

ఆ మాట అన్నది నేనే. కదూ?

ఆ సొరుగు నెత్తిన పెట్టుకుని మోసినవాణ్ణి, బీరువా అని పిలుపు వినబడితే ఎంత గర్వంగా పరిగెత్తుకొచ్చి చెప్పి ఉంటానో నాకు తెలుసు. పెద్ద మనిషిననుకుని ఉంటాను. ఆరేళ్ళ వాడి మీద నాకు కోపం రావడం లేదక్కా. వాణ్ణి తలుచుకుంటే ఏడుపొస్తోంది, అంతే. ఏడుస్తున్నాను కూడా, ఇదిగో ఈ మరక అదే.

నువ్వు "అవును" అని ఒక్క మాట రాస్తే చాలు. రాయకపోతే మాత్రం బతికినంతకాలం ఆ నిశ్శబ్దంలో ఆగిపోయి ఉంటాను.

జెనెక్


వార్సా,
20 జులై

అక్కా,

రెండు నెలలైంది. నువ్వు రాయలేదు. అడగను.

ఇది కబురు మాత్రమే. ఆగస్టు ఒకటి, శనివారం సాయంత్రం ప్రసారం. ఆవుని తీసేశాను. హిపోలిత్ గారితో మూడు రోజులు కొట్లాట అయింది. "బీరువా అంటే సగం దేశానికి తెలియదయ్యా" అన్నారు. "తెలియకపోతేనే వినాలి" అన్నాను. వ్యాఖ్యానంలో ఒక్క వాక్యం వేయించాను, నది ఒడ్డున దాన్ని ఆవు అనేవారు, ఊరి నడుమ బీరువా అనేవారు అని. అంతకుమించి మన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత సంగీతం కూడా ఆపేశాను. ఆరు కిర్రులు. ఆ తర్వాత ఎనిమిది సెకన్లు ఏమీ ఉండదు. పేలుడు కూడా పెట్టలేదు. "జనం టీవీ చెడిందనుకుంటారు, నన్ను తిడతారు" అని ఆయన తల పట్టుకున్నారు. నా పేరు తీసేసినా పరవాలేదు గానీ ఆ ఎనిమిది సెకన్లలో ఏమీ పెట్టనన్నాను. చివరికి ఆయనే ఎడిటింగు గదిలో ఒక్కరే కూర్చుని విన్నారు. బయటికొచ్చి, "ఉంచు" అన్నారు.

చూడు, లేదా చూడకు. నీ ఇష్టం.

ఆ బీరువాని వరండాలోంచి తీసేయమని ఇక్కడ ఆఫీసులో గొడవ చేస్తున్నారు. నువ్వు ఏప్రిల్లో పగలగొట్టి పొయ్యిలో వేయమన్నావు. వేసేయనా?

జెనెక్


యెలేనియా గూరా,
2 ఆగస్టు 1964

జెనెక్,

నిన్న చూశాను.

శానటోరియం హాల్లో ఒకే టీవీ. రోగులూ, నర్సులూ, వంటవాళ్ళూ, అరవై మంది దాకా ఉన్నాం. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళిపోవచ్చని. విమానాలు వచ్చాయి, బాగానే ఉన్నాయి. గోడలు కూలాయి. తర్వాత ఆ కిర్రు వచ్చింది. ఒకటి. రెండు. నా చేతులు వాటంతటవే చెవుల దాకా లేచాయి. దింపేశాను. ఆరూ విన్నాను.

ఆ తర్వాత ఏమీ లేదు. వెనక వరసలో ఒకడు "పాడైంది, పాడైంది" అన్నాడు, వార్డుబాయి లేచి టీవీ నెత్తిన ఒకటి తగిలించాడు. కానీ కిటికీ పక్కన కూర్చున్న ఒక ముసలావిడ, ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడదు, కప్పు కింద పెట్టి నెమ్మదిగా బల్ల కిందికి వెళ్ళిపోయింది. ఎవరూ నవ్వలేదు. నేను వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. "మీది ఏ వీధి?" అని ఆవిడ అడిగింది. చెప్పాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఒకళ్ళకి చెప్పాను. చివర్లో నీ పేరు పడింది, ఇద్దరం బల్ల కింద నుంచే చదివాం.

అందుకని ఇప్పుడు రాస్తున్నాను. అవును. నువ్వే అన్నావు. మెట్ల దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చి, ఎగిరి గంతేస్తూ అన్నావు. అమ్మ వంగి, నీ కాలరు సర్ది, "ఏ బీరువా రా నాన్నా?" అంది. అలాగే. పళ్ళ మధ్య దారం కూడా నిజమే. కుడుతున్నది నీ చొక్కా.

కానీ నేను రాసింది పూర్తిగా అబద్ధం కాదు, విను. అంతకు ముందు రోజు సెల్లారులో ఆ ఇంటి పిల్ల ఒకతి నాకు జడ వేస్తూ చెప్పింది. "ఇక్కడ దాన్ని బీరువా అంటారు, ఆవు అంటే అందరూ నవ్వుతారు" అని. నాకు తెలుసు జెనెక్. మన ముగ్గురిలో నా ఒక్కదానికే తెలుసు. ఆ పిల్లే నాకు కాస్త లిప్‌స్టిక్ పూసింది, అమ్మ చూసి చెంప మీద కొట్టి తుడిచేసింది. నేను అలిగాను. పొద్దుటి నుంచీ గోడవైపు తిరిగి పడుకున్నాను, అమ్మతో మాట్లాడనని. వాకిట్లో అరుపు విన్నాను. నీ మాట విన్నాను. అమ్మ "ఏ బీరువా?" అనడం విన్నాను. "వెళ్ళకే అమ్మా" అనాలి. అంతే అనాలి. ముందు తనే పలకరించాలిగా అని ఒక్క క్షణం బిగుసుకుని పడుకున్నాను. ఒక్క క్షణమే. నేను లేచేసరికి చెప్పుల చప్పుడు రెండో అంతస్తు దాటిపోయింది. వెంటపడబోయిన నిన్ను పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాను. కిటికీలోంచి అమ్మని పిలవడానికి నోరు తెరిచేసరికి ఆరో కిర్రు కూడా అయిపోయింది.

నువ్వు తెలియక అన్నావు. నేను తెలిసి అనలేదు. అందుకే ఆ మాట నాదని రాశాను. నీకు ఆరేళ్ళు, నీ మీద ఒక్క రవ్వ కూడా పడనివ్వకూడదనుకున్నాను. నువ్వు నీ టేపులతో తవ్వి తీసుకున్నావు. ఏం చేస్తాం? ఇప్పుడిక ఇద్దరం కలిసి మోసుకుందాం. నిన్న సాయంత్రం నుంచీ నాకు కాస్త తేలిగ్గానే ఉంది, సిగ్గు విడిచి చెప్తున్నాను.

ఆ బీరువాని పొయ్యిలో వేయకు. కొత్త గదిలో రెండు కిటికీల మధ్య గోడ కొలిచాను, నూట ముప్ఫై సెంటీమీటర్లు ఉంది, పడుతుంది. వేలాడే తలుపు ఇక్కడి వడ్రంగి బిగిస్తాడు. మేకులన్నీ ఇవాళ పీకేశాను, బట్టలు మంచం మీద కుప్పగా ఉన్నాయి. లారీ దొరికిన రోజు నువ్వే దగ్గరుండి తీసుకురా. మెట్లెక్కించడానికి లాండ్రీ నుంచి నలుగురు ఆడవాళ్ళం వస్తాం, మాకు బరువులు అలవాటే.

ఒక్కటే చెప్తున్నాను. నా గదిలో దాన్ని నేల మీద ఈడ్చవద్దు. ఎత్తి పట్టుకోండి.

అక్క